మాణిక్యమ్మ సంతకాలు

మొన్న మా ఆడపడుచు కూతురు ఉద్యోగం ఆర్డరు తెచ్చి నా చేతిలో పెట్టింది. రెవెన్యూలో జూనియర్ అసిస్టెంటు. మిఠాయి తిన్నాక, "అత్తా, ఆఫీసులో అన్నిటికంటే ముందు ఏం నేర్చుకోవాలో చెప్పు" అని అడిగింది. "సంతకం పెట్టించడం నేర్చుకో" అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. సంతకం పెట్టేవాళ్ళకు తెలియాలి గానీ పెట్టించేవాళ్ళు నేర్చుకునేది ఏముంటుందట! నాకు ఒళ్ళు మండింది. నేను రిటైరయ్యాను గానీ నా కోపం ఇంకా సర్వీసులోనే ఉందని మా ఆయన ఎప్పుడూ అంటుంటాడు.

ఆ రోజు నాలుగు మాటలు అని ఊరుకున్నాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్లు, బదిలీలు, మెమోలు రాయను. అవి అందరికీ వచ్చేవే. ఫారాలు నింపడం కూడా రాయను, అది రెండు నెలల్లో ఎవరికైనా వస్తుంది. ఒక మనిషి చేత సంతకం పెట్టించేటప్పుడు మన బల్లకు అటువైపు ఏం జరుగుతుందో అది మాత్రం రాస్తాను.

వేలు ఎవరిది

నా మొదటి పోస్టింగు టేకులపల్లి వైపు. అడవి ఊళ్ళ జనం తెల్లవారకముందే బయల్దేరి మధ్యాహ్నానికి ఆఫీసు చేరేవారు. సంతకం వచ్చినవాళ్ళు తక్కువ. వేలిముద్ర వేసి, ఆ సిరాను తల వెంట్రుకలకు తుడుచుకుని, వచ్చిన దారినే పోయేవారు. మా క్లర్కులకు ఎప్పుడూ తొందరే. వచ్చినవాళ్ళ బొటనవేలు మేమే పట్టుకుని, ప్యాడ్ మీద ఒకసారి, కాగితం మీద ఒకసారి అదిమి పంపించేసేవాళ్ళం. చేరిన వారంలోనే నేనూ ఆ పని బాగా నేర్చాను.

మా తహసీల్దారు గారు వరంగల్ వైపు మనిషి. నోరు మంచిది కాదు, మనిషి మంచివాడు. ఒకరోజు నేను ఒక ముసలమ్మ వేలు పట్టుకుని అదమబోతుంటే వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఆ వేలు ఎవలది?"

"ఆమెదే సార్."

"మరి నువ్వెందుకు పట్టుకున్నవ్? ఇడువు. అండ్ల ఏం రాసి ఉందో సదివి చెప్పు. ఆమెకు ఇష్టముంటే ఆమెనే వేస్తది."

అందరి ముందూ అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కాగితం చదివాను. తన పేరున ఉన్న చేను పెద్దకొడుకు ఒక్కడికే ఇవ్వడానికి సమ్మతి అని ఉంది. ముసలమ్మ ఆ మాట విని, సిరా అంటిన వేలును కొంగులో చుట్టుకుంది. పింఛను కాగితం అని చెప్పి తీసుకొచ్చారట. పెద్దకొడుకు గోడవైపు చూస్తున్నాడు.

అప్పటి నుంచి నేను ఎవరి వేలూ పట్టుకోలేదు. ఎవరి చేతికైనా కలం ఇచ్చే ముందు కాగితంలో ఏముందో చెప్పకుండా ఉండలేదు. దీనివల్ల నా బల్ల ముందు ఎప్పుడూ లైను పెద్దగానే ఉండేది. నేను నిదానం మనిషినని పై అధికారులు చాలామంది విసుక్కున్నారు. విసుక్కోనివ్వండి.

బర్మా అక్క

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు నేను భద్రాచలంలో పనిచేస్తున్నాను. బస్టాండు దగ్గర ఒక టిఫిన్ హోటలు ఉండేది. రాముడి దర్శనానికి వచ్చినవాళ్ళు, కూనవరం, చర్ల బస్సులు ఎక్కేవాళ్ళు అందరూ అక్కడే తినేవారు. పెసరట్టు బాగుండేది. పెనం దగ్గర నిలబడే ఆవిడను ఊరంతా బర్మా అక్క అనేవారు. అదేదో ముద్దుపేరు అనుకున్నానే తప్ప ఎందుకలా అంటారని నేను ఎప్పుడూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం ఆవిడే ఒక సంచి పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. పేరు మాణిక్యమ్మ. సంచిలో నుంచి ఒక పాత పాస్‌పోర్టు తీసి నా ముందు పెట్టింది. అది బర్మా పాస్‌పోర్టు. అందులో పద్దెనిమిదేళ్ళ పిల్ల ఫోటో.

ఆమె తాతలు కాకినాడలో ఓడ ఎక్కి రంగూన్‌కు కూలికి పోయినవాళ్ళు. మిగతా తెలుగువాళ్ళు చాలామంది అక్కడ బతకలేక తిరిగి వచ్చినా ఆమె తండ్రి మాత్రం రాలేదు. ఆమె అక్కడే పుట్టి, అక్కడి బడిలో చదువుకుంది. మేనమామ కుటుంబం కోస్తా నుంచి వచ్చి పెనుబల్లి దగ్గర వ్యవసాయం చేస్తుండేది. వాళ్ళను చూసిపోదామని వచ్చిన పిల్లకు మేనబావతో పెళ్ళి చేశారు. ఆ తర్వాత మొగుడూ పెళ్ళాలు భద్రాచలం వచ్చి హోటలు పెట్టుకున్నారు. ఇద్దరు కొడుకులు పుట్టారు, వాళ్ళకు పెళ్ళిళ్ళూ అయ్యాయి. కానీ పౌరసత్వం అనేది ఒకటి అడిగి తీసుకోవాలని ఎవరికీ తోచలేదు. పెళ్ళయితే మొగుడి ఊరే పెళ్ళాం ఊరు, ఇక వేరే కాగితం దేనికి అనుకున్నారు. ఏడాదికోసారి పోలీసుల దగ్గరికి వెళ్ళి నివాసం పర్మిట్ పొడిగించుకుని వచ్చేవారు.

ఇప్పుడు అక్కడికి వచ్చిన కొత్త ఆఫీసరు కుదరదన్నాడు. పాస్‌పోర్టు గడువు ఎప్పుడో పోయింది, ఆ దేశం వాళ్ళు కొత్తది ఇవ్వడం లేదు. పౌరసత్వం దరఖాస్తు విచారణలో ఉందని మా ఆఫీసు నుంచి కాగితం తెస్తేనే పర్మిట్ పొడిగిస్తాను, లేకపోతే దేశం విడిచి వెళ్ళాలని నోటీసు ఇవ్వాల్సి వస్తుంది అన్నాడు. అతని తప్పేమీ లేదు. రూలు అదే.

"మా ఇంటాయనకు పక్షవాతం వచ్చి ఏడాది అవుతుందమ్మా" అంది మాణిక్యమ్మ. "కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట కూడా నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను అన్నం పెడితేనే తింటారు. నన్ను పొమ్మంటే ఆయన్ని ఎవరి చేతిలో పెట్టి పోవాలి? పోయినా రంగూన్‌లో నాకు తలుపు తీసే మనిషి కూడా లేదు."

ఏడవలేదు. హోటల్లో బిల్లు చెప్పినట్టే చెప్పింది.

రెండు రాతలు

ఆమె అప్పటికే ఒకసారి దరఖాస్తు పెట్టింది. కోర్టు దగ్గర టైపు చేసేవాడితో నింపించి, ప్రతి పేజీలోనూ చక్కగా సంతకం పెట్టి పంపింది. అది తిరిగొచ్చింది. సంతకాలు పాస్‌పోర్టుతో సరిపోలేదు అని పైన రాసి ఉంది.

రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. దరఖాస్తులో తెలుగులో "మాణిక్యమ్మ" అని ఉంది. పాస్‌పోర్టులో గుండ్రగుండ్రంగా ఏవో అక్షరాలు. అవి బర్మా అక్షరాలు, బడిలో నేర్చుకున్నవి. తెలుగు చదవడం, రాయడం ఆమెకు ఇక్కడికి వచ్చాకే వచ్చింది. మొగుడే నేర్పాడట. హోటలు గోడ మీది బోర్డులో ఇడ్లీ, వడ, పూరీ అని రాసి ఉంటే ఒక్కో అక్షరం చూపించి దిద్దించాడట. బోర్డు మీద లేని అక్షరాలకు కొత్త టిఫిన్లు పుట్టించేవాడని చెప్పి మొదటిసారి నవ్వింది.

ఇక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలు గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటుంది. పౌరసత్వం కాగితాల్లో సంతకం అందంగా ఉందా, ఏ భాషలో ఉంది అని ఎవరూ చూడరు. ఆ పాస్‌పోర్టు మనిషీ ఈ దరఖాస్తు మనిషీ ఒకరేనా అన్నదే చూస్తారు. అందుకని పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే పెట్టాలి. సంతకం మారితే ఎందుకు మారిందో అఫిడవిట్ జత చేయాలి. ఇంట్లో ముహూర్తం చూసుకుని ముందే సంతకాలన్నీ పెట్టి తెచ్చేవాళ్ళుంటారు. అలా తెస్తే తీసుకోవద్దు. అధికారి ఎదుట పెట్టాల్సినవి ఎదుటే పెట్టించాలి. ఫోటో మీద సంతకం ముఖానికి అడ్డం రాకూడదు. ఎక్కడైనా దిద్దితే పక్కన మళ్ళీ సంతకం కావాలి. ఇవన్నీ చిన్న విషయాలే. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఫైలు ఢిల్లీ దాకా పోయి నెలల తర్వాత తిరిగొస్తుంది. ఈలోగా మనిషి బతుకు ఆగిపోతుంది.

కొత్త ఫారం ఇచ్చి, పాస్‌పోర్టులో ఉన్నట్టే సంతకం పెట్టమన్నాను. మాణిక్యమ్మ ముఖం మాడిపోయింది. "ఇక్కడి మనిషిని కావాలని కదమ్మా ఈ రాత నేర్చుకున్నది. ఇక్కడి మనిషిని చెయ్యమని అడగడానికి మళ్ళీ అక్కడి రాతే రాయాలా?" అంది.

"ఈ కాగితాల వరకే" అన్నాను. "తర్వాత జన్మంతా తెలుగులోనే పెట్టుకో."

చెయ్యి మరిచిపోయింది. పాత బిల్లు చీటీల వెనక రాసి రాసి సాధన చేసింది. మా అటెండరు లచ్చుమయ్య టీ తేవడానికి వెళ్ళి వచ్చి, "మేడం, బర్మా అక్క పెనం కాడ నిలబడి గాల్లో రాస్తుంది, అట్లు మాడుతున్నయ్" అని చెప్పేవాడు. మూడో వారానికి వచ్చి నా ఎదుట పేజీ పేజీకీ పెట్టింది. పాస్‌పోర్టు మీది సంతకానికీ దీనికీ తేడా లేదు. అఫిడవిట్ కింద మాత్రం రెండు రాతల్లోనూ పెట్టించాను. దరఖాస్తు అందింది, విచారణలో ఉంది అని కాగితం ఇప్పించాను. పర్మిట్ కొన్ని నెలలు పొడిగించారు.

పని అయిపోయిందనుకున్నాను.

"చెప్పలేకపోయింది"

ఇలాంటి దరఖాస్తు వచ్చినప్పుడు పోలీసుల తరఫున ఒక మనిషి వెళ్ళి ఇంటి దగ్గర విచారించి రిపోర్టు రాస్తాడు. మాణిక్యమ్మ దగ్గరికి వెళ్ళినవాడు కుర్రవాడు, నగరంలో పెరిగినవాడు. అతని రిపోర్టు మా ఆఫీసుకు వచ్చింది. "దరఖాస్తుదారును భర్త పేరు అడగ్గా చెప్పలేకపోయింది. పక్కనున్న స్త్రీ చెప్పబోగా వారించి మళ్ళీ అడిగినా చెప్పలేకపోయింది. వివాహం నిజమైనదేనా అన్నది అనుమానాస్పదం" అని రాశాడు.

భారతీయుడి భార్యగా కదా ఆమె పౌరసత్వం అడుగుతోంది. ఆ పెళ్ళే అనుమానం అంటే ఇక ఆ దరఖాస్తులో మిగిలేది ఏమీ లేదు. అది తోసేస్తే పర్మిట్ కూడా పోతుంది.

ఏం జరిగి ఉంటుందో నాకు చదవగానే అర్థమైంది. మా అమ్మ జీవితంలో మా నాన్న పేరు పలకలేదు. రేషన్ షాపులో అడిగితే నన్ను ముందుకు తోసేది. మొగుడి పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఆ కాలం ఆడవాళ్ళ భయం. పెళ్ళినాడు గడప దగ్గర ఆడపడుచులు అడ్డం నిలబడి పేరు చెబితేనే లోపలికి రానిస్తామంటారు చూడండి, అప్పుడొక్కసారి చెప్పాలి. ఆ తర్వాత "మా ఇంటాయన", "పెద్దాడి నాన్న", "ఏవండీ" తప్ప మరో మాట ఉండదు. మాణిక్యమ్మ రంగూన్‌లో పెరిగింది. ఊరు విడిచిపోయిన వాళ్ళ అమ్మమ్మలు ఏ పద్ధతులతో ఓడ ఎక్కారో ఆ పద్ధతులనే అక్కడ కాపాడుకున్నారు. ఇక్కడి ఆడవాళ్ళు చాలామంది వదిలేసిన దాన్ని ఆమె ఇంకా పట్టుకుని ఉంది. బొత్తిగా తెలుగు ఇల్లాలు కావడం వల్లే ఆమె ఈ దేశపు మనిషి కాదేమో అన్న అనుమానం వచ్చింది.

ఆ కుర్రవాడిని పిలిపించి అడిగాను. హోటల్లో జనం మధ్య అడిగాడట. "మా పెద్దాడి నాన్న" అని చెప్పిందట. "పేరు అడిగితే గట్ల చెప్పింది మేడం. నేనేం రాయాలె?" అన్నాడు. అబద్ధం రాయలేదు, నిజమూ రాయలేదు. విచారణ రిపోర్టు చదివేటప్పుడు చెప్పలేకపోవడం వేరు, చెప్పకపోవడం వేరు అన్నది చూడండి పిల్లలూ. మధ్యలో ఒక మనిషి మనసు ఉంటుంది. ఆ మనసు ఏమిటో కనుక్కోవడానికే మనకు జీతం ఇచ్చేది.

వరదలో విచారణ

మా సబ్ కలెక్టరు గారు ఉత్తరాది కుర్రాడు. తొందర మనిషి, కోపిష్టి. కానీ ఫైలు చదవకుండా సంతకం పెట్టేవాడు కాదు. తియ్యగా మాట్లాడి, చదవకుండా పెట్టేసే బాసుల కింద కూడా పనిచేశాను. వాళ్ళకంటే ఇతను వెయ్యి రెట్లు నయం. రిపోర్టు చూపించి, ఆమెను పిలిచి మీరే స్వయంగా విచారించండి సార్ అన్నాను. సరేనన్నాడు.

ఇంతలో గోదావరి పొంగింది. ఊళ్ళో మైకుల్లో రెండో ప్రమాద హెచ్చరిక చెబుతున్నారు. ఆఫీసంతా వరద డ్యూటీలో ఉంది. పర్మిట్ గడువు ఆ నెలాఖరుతో పోతుంది. ఆ లోపల రిపోర్టు వెళ్ళకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. లాంచీల కోసం, బియ్యం కోసం ఫోన్లు చేస్తున్న సబ్ కలెక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్ళి తిట్లు తిన్నాను. మూడోసారి, "పిలవండి మేడం, పావుగంట" అన్నాడు. బూట్లకు బురద ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

భార్యాభర్తలిద్దరూ రావాలి. ఆటోలో వచ్చారు. లచ్చుమయ్య, ఆటో డ్రైవరు కలిసి ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టారు. సన్నటి మనిషి. నోరు ఒకవైపు లాగేసి ఉంది. మాణిక్యమ్మ ఆయన చొక్కా గుండీ సరిచేసి, కుడిచేతిని తీసి ఒళ్ళో పెట్టి, పక్కన నిలబడింది.

"అమ్మా, మీ భర్త పేరు చెప్పండి" అన్నాడు సబ్ కలెక్టరు.

ఆమె నేల చూపులు చూసింది. మళ్ళీ అడిగాడు. నోరు విప్పలేదు. నేను లేచి విషయం చెప్పబోయాను. సబ్ కలెక్టరు చెయ్యి ఎత్తి ఆపాడు.

"తెలుసు మేడం. మా నానమ్మ కూడా తాతగారి పేరు ఎప్పుడూ చెప్పలేదు. నాకు అర్థమవుతుంది. కానీ ఈ ఫైలు ఢిల్లీ వెళ్తుంది. అక్కడ చదివేవారికి ఈ అమ్మ కనపడదు, రిపోర్టు కనపడుతుంది. చెప్పింది అని నేను రాయాలి. చెప్పకుండా చెప్పిందని రాయలేను."

అది న్యాయమైన మాట. అప్పుడు కుర్చీలో ఉన్నాయన ఏదో అన్నాడు. మాకెవరికీ తెలియలేదు. మాణిక్యమ్మకు తెలిసింది. గబుక్కున ఆయన వైపు తిరిగి, "మీరు ఊరుకోండి" అంది. ఏమన్నారని సబ్ కలెక్టరు అడిగాడు. ఆమె చెప్పలేదు. ఆయనే మళ్ళీ, నాలుక తిప్పుకుని, ఒక్కో ముక్కా కూడదీసుకుని అన్నాడు. ఈసారి అందరికీ తెలిసింది.

"చెప్పెయ్. పోతే... నా ఆయుష్షే... కదా."

బయట మైకు మోగుతూనే ఉంది.

మాణిక్యమ్మ తలెత్తింది. "బాబుగారూ, ఆయన బాగున్న రోజుల్లోనే నేను ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు ఈ స్థితిలో అని, రేపు ఏమన్నా అయితే ఆ కాయితం నేనేం చేసుకోను? ఆయన కోసమే కదా నాకది. పంపిస్తే పంపించండి. నేను అనను" అంది.

నిజం చెబుతున్నాను, నాకు ముందు కోపమే వచ్చింది. ఇంత చేసి ఇక్కడిదాకా తెస్తే నాలుగు అక్షరాల దగ్గర మొండికేస్తుందా అని. ఆ తర్వాత ఆయన ముఖం చూశాను. ఒక వైపు కదలని ఆ ముఖం మీద కన్నీళ్ళు రెండు వైపులా కారుతున్నాయి. నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు.

"నోటితో అనొద్దు" అన్నాను. "రాస్తావా?"

ఆమె నా వైపు చూసింది. "రాస్తే దోషం లేదా అమ్మా?"

"నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఎన్ని ఫారాల్లో మా ఆయన పేరు రాశానో లెక్కలేదు. దుక్కలా ఉన్నాడు. కాఫీలో చక్కెర తక్కువైందని ఇవాళ పొద్దున కూడా నాతో దెబ్బలాడాడు."

లచ్చుమయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. సబ్ కలెక్టరు కూడా కిటికీ వైపు తిరిగాడు. మాణిక్యమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన ఎడమచెయ్యి కొద్దిగా ఎత్తి, రాయి అన్నట్టు గాల్లో ఆడించాడు.

తెల్లకాగితం ఇచ్చాను. బల్ల మీదికి వంగి, నిదానంగా, బడిపిల్లలా తెలుగులో రాసింది. రాసి, చదవకుండా కాగితం తిప్పి ఇచ్చేసింది. సబ్ కలెక్టరు దాన్ని దరఖాస్తుతో, పెళ్ళి ఫోటోతో, భర్త ఓటరు కార్డుతో పోల్చి చూశాడు. అప్పటికప్పుడే నాకు చెప్పి రాయించాడు. ఎవరి సాయమూ లేకుండా, తన ఎదుట, భర్త పేరును స్వదస్తూరితో రాసిందనీ, ఈ ప్రాంతపు ఆచారం ప్రకారం స్త్రీలు భర్త పేరు పలకరనీ, ముందు విచారణలో చెప్పకపోవడానికి కారణం అదేననీ, వివాహం నిజమైనదేనని తనకు సందేహం లేదనీ. కింద ఆమె సంతకం, పాస్‌పోర్టులో ఉన్నట్టే. భర్త వాంగ్మూలం కింద ఎడమ బొటనవేలి ముద్ర. ఆయన చెయ్యి వణుకుతుంటే లచ్చుమయ్య పట్టుకోబోయాడు, నేను వద్దన్నాను. ఆయనే వేశాడు. కొంచెం జారింది గానీ గీతలు స్పష్టంగా వచ్చాయి.

సబ్ కలెక్టరు అక్కడే సంతకం చేసి, "నీళ్ళు ఎంతవరకు వచ్చాయి?" అని అడుగుతూ వెళ్ళిపోయాడు. ఆ రిపోర్టు నెలాఖరులోపే ఖమ్మం చేరింది. పర్మిట్ మళ్ళీ పొడిగించారు.

మధ్యలో పోయిన మనిషి

ఇలాంటి ఫైళ్ళు నెలల్లో తేలవు. తర్వాతి ఎండాకాలంలో మాణిక్యమ్మ భర్త పోయాడు. నిద్రలోనే పోయాడట.

పలకరించడానికి వెళ్ళాను. పెనుబల్లి నుంచి వచ్చిన ఆడపడుచు నన్ను చూడగానే ముఖం తిప్పుకుంది. ఆఫీసులో పేరు రాయించారు, ఏడాది తిరగలేదు అని వెనక ఎవరితోనో అంటుంటే నా చెవిన పడింది. మాణిక్యమ్మ గోడకానుకుని కూర్చుంది. పక్కన కూర్చుని, వాళ్ళ మాటలు పట్టించుకోకమ్మా అన్నాను.

"పట్టించుకోనమ్మా" అంది. మళ్ళీ తనే, "నాకే ఒక్కోసారి అనిపిస్తుంది" అంది.

వైద్యులు ఏం చెప్పారో అడగొచ్చు, ఆచారాలన్నీ ఉత్తవే అని వాదించొచ్చు. పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషితో వాదించేది ఏముంటుంది? ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుని వచ్చాను. ఆ రోజు ఆమె చేతికి కాగితం ఇవ్వడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. ఇంకోసారి అయినా అదే చేస్తాను. అయినా ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. మన పని సక్రమంగా చేసినా ఒక్కోసారి మనసు మీద బరువు మిగులుతుంది. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు ఆ సంగతి ముందే తెలుసుకుని రావాలి.

భర్త పోయాక ఆ దరఖాస్తు నిలుస్తుందా అన్నది ఇంకో భయం. ఖమ్మం నుంచి అదే ప్రశ్న వచ్చింది. ఆయన బతికుండగానే, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చేసిన విచారణ ఫైల్లో ఉందని చూపించి జవాబు పంపాం. ఆ ఒక్క కాగితమే ఆమెను నిలబెట్టింది.

ఖమ్మంలో

సర్టిఫికెట్ వచ్చేనాటికి నేను ఖమ్మంలో ఉన్నాను, రిటైర్మెంటుకు దగ్గర్లో. మాణిక్యమ్మ పెద్దకొడుకుతో వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. హోటలు కొడుకులే చూసుకుంటున్నారట. రాజ్యాంగానికి విధేయురాలిగా ఉంటానని ప్రమాణం చేయాలి. తెలుగులో ఒక్కో వాక్యం నేను చెబితే తడబడకుండా పలికింది. కింద తెలుగులో సంతకం పెట్టింది.

రిజిస్టరులో వివరాలు రాసుకుంటున్న ఆఫీసరు కొత్తాయన. ఈ కథేదీ ఆయనకు తెలియదు. బయట జనం చాలామంది ఉన్నారు. తల ఎత్తకుండా ఒక్కొక్కటే అడుగుతున్నాడు. పేరు అడిగాడు, పుట్టిన ఊరు అడిగాడు. ఆ తర్వాత, "భర్త పేరు?" అన్నాడు.

నేను చెబుదామని గబుక్కున ముందుకు వంగాను. మాణిక్యమ్మ చేత్తో నన్ను ఆపింది.

"కోటేశ్వరరావు" అంది.

కొడుకు ఉలిక్కిపడి తల్లి వైపు చూశాడు. ఆమె ఎవరినీ చూడటం లేదు. ఆఫీసరు రాసుకుని కింది గడిలోకి వెళ్ళాడు. ఆమె కదల్లేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడి, ఈసారి ఇంకాస్త గట్టిగా, "కోటేశ్వరరావు గారు" అంది.

"రాసుకున్నానమ్మా" అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే. "ఒకసారి చెబితే చాలు."